తలగుడ్డ చాలదా, హెల్మెట్ కావాలా?

సైకిలు తొక్కేవాళ్లను హెల్మెట్ పెట్టుకోమని మన దగ్గర చట్టం అడగదు, పోలీసూ అడగడు. కోయిలకుంట్ల చుట్టుపక్కల రోడ్లు మాత్రం అడుగుతున్నాయి.

కోయిలకుంట్లలో మోటారు సైకిలు మీద హెల్మెట్ పెట్టుకుని వచ్చే మనిషి కనిపిస్తే చూసేవాళ్లకు రెండే అనుమానాలు. ముందర పోలీసులు కాపు కాశారా, లేక ఈయన నంద్యాల దాకా పోతున్నాడా అని. అలాంటి చోట సైకిలు గురించి ఇదే మాట ఎత్తితే "ఏమప్పా, సైకిలుకు గూడా హెల్మెటా?" అని నవ్వుతారు. చట్టం కూడా ఆ నవ్వుతోనే ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ హెల్మెట్ పెట్టుకోమన్నది మోటారు సైకిలు వాళ్లనే. 2019 సవరణ తర్వాత పెట్టుకోకపోతే వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు పోవడం. కాళ్లతో తొక్కే సైకిలు మోటారు వాహనమే కాదు. 250 వాట్లలోపు మోటారుతో, గంటకు 25 కిలోమీటర్లు దాటకుండా పోయే బ్యాటరీ సైకిలు కూడా ఆ లెక్కలోకి రాదు. చలానా భయం లేదు కాబట్టి, పెట్టుకోవాలా వద్దా అన్నది ఎవరికి వారు తేల్చుకోవాల్సిందే.

ఇప్పుడిక్కడ సైకిలు తొక్కేది ఎవరు? ఇంట్లో మోటారు సైకిలు ఉంటే పెద్దవాళ్లు సైకిలు ముట్టుకోరు. పొలానికి పోయే ముసలాయన, పాలక్యాన్లు కట్టుకుని వచ్చే మనిషి, కూలికి పోయేవాళ్లు, బడిపిల్లలు. వీళ్లలో ఒక్కరు కూడా సైకిలు కంపెనీల ప్రకటనల్లో కనిపించరు. ఆ ప్రకటనల్లోని కుర్రాడికి హెల్మెట్ ఉంటుంది, చేతులకు తొడుగులు ఉంటాయి, తొక్కడానికి ఖాళీ రోడ్డు ఉంటుంది.

మన రోడ్డు సంగతి వేరు. ఇది నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారి కుంగుతుంది. దానిమీద వేసిన తారు ఎంత మందంగా ఉన్నా కొన్నాళ్లకు అలలు తేలుతుంది. మార్జిన్ జారిపోయి తారు అంచు మెట్టులాగా మిగులుతుంది. వెనక లారీ హారన్ కొట్టగానే సైకిలాయన మార్జిన్‌లోకి దిగుతాడు, లారీ పోయాక మళ్లీ ఎక్కబోతాడు. ముందు చక్రం ఆ మెట్టుకు ఏటవాలుగా తగిలిందంటే మనిషి కిందే. దిగుబడి రోజులు వస్తే ఇంకో తంటా. రోడ్డు మీద సగం దాకా వడ్లో జొన్నలో ఆరబోసి, బండ్లు తొక్కకుండా చుట్టూ రాళ్లు పేరుస్తారు. ధాన్యం ఎత్తుకుపోతారు, రాళ్లు అక్కడే ఉంటాయి. రాత్రిపూట లైటు లేని సైకిలుకు ఆ రాయి కనిపించేది తగిలిన తర్వాతే. రైతుకు కళ్లం లేక రోడ్డెక్కాడని నాకు తెలుసు, ఆయన మీద కోపం లేదు. రాళ్లు తీసిపోతే చాలు.

వీటికితోడు లారీలు. కొలిమిగుండ్ల, బనగానపల్లె వైపు నాపరాళ్ల గనులు, ఆపైన సిమెంటు ఫ్యాక్టరీలు. బండలు నింపుకుని కదిలిన లారీకి బ్రేకు అంత సులువుగా పడదు, పక్కన పోయే సైకిలు డ్రైవరుకు సరిగా కనపడదు.

ఈ రెండు రకాల ప్రమాదాలను విడదీసి చూస్తే తప్ప హెల్మెట్ ప్రశ్న తెగదు. సైకిలు హెల్మెట్ లోపల ఉండేది గట్టి థర్మాకోల్. దెబ్బ తగిలినప్పుడు అది నలిగి, ఆ నలిగే క్షణంలో తల వేగాన్ని కొంచెం కొంచెంగా తగ్గిస్తుంది. ఐరోపా ప్రమాణం ఈఎన్ 1078 ప్రకారం చేసే పరీక్షలో లోహపు తలకు హెల్మెట్ తొడిగి, దాదాపు ఒకటిన్నర మీటర్ల ఎత్తు నుంచి చదునైన ఇనుప దిమ్మె మీద పడేస్తారు. దిమ్మెను తాకేటప్పటికి దాని వేగం గంటకు 20 కిలోమీటర్లకు కాస్త తక్కువ. సైకిలు మీద కూర్చున్న మనిషి తల నేలకు ఉండే ఎత్తు కూడా ఇంచుమించు అంతే. అంటే ఈ వస్తువును తయారు చేసిందే మనిషి తనంతట తాను కింద పడినప్పటి కోసం. తారు అంచు, ధాన్యం చుట్టూ పేర్చిన రాయి, అడ్డమొచ్చిన కుక్క, వాన పడ్డాక మడ్‌గార్డు కింద పేరుకుపోయి చక్రాన్ని బిగబట్టే రేగడి బురద, వీటన్నిటికీ అది పనికొస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ గుద్దితే లెక్క మారిపోతుంది. వేగం మూడింతలైతే తాకిడి శక్తి తొమ్మిదింతలు. అక్కడ పావుకిలో థర్మాకోల్ చేయగలిగింది కొంచెమే.

దీనిమీద పరిశోధకులు ముప్పై ఏళ్లకు పైగా పోట్లాడుకుంటున్నారు. 1989లో సియాటెల్ వైద్యులు హెల్మెట్ తల గాయాల ప్రమాదాన్ని 85 శాతం తగ్గిస్తుందని రాశారు. తర్వాతి అధ్యయనాల్లో అంత ఎక్కువ రాలేదు. 2016లో ఆస్ట్రేలియా పరిశోధకులు జేక్ ఒలివియర్, ప్రూడెన్స్ క్రైటన్ గాయపడ్డ 64 వేల మందికి పైగా సైకిలిస్టుల వివరాలున్న అధ్యయనాలన్నీ కలిపి చూసి, తీవ్రమైన తల గాయాలు 69 శాతం తగ్గుతాయని తేల్చారు. అవతలి పక్షంలో, అప్పట్లో ఇంగ్లండ్‌లోని బాత్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఇయాన్ వాకర్ ఉన్నాడు. సైకిలుకు దూరం కొలిచే పరికరం బిగించి, ఒకరోజు హెల్మెట్ పెట్టుకుని, ఒకరోజు ఉత్త తలతో, కొన్నిసార్లు ఆడవాళ్ల విగ్గు పెట్టుకుని కూడా తొక్కాడు. హెల్మెట్ ఉన్నప్పుడు బండ్లు సగటున ఎనిమిదిన్నర సెంటీమీటర్లు దగ్గరగా దాటిపోయాయట. విగ్గు ఉన్నప్పుడు మరింత దూరం జరిగాయట. ఆ ప్రయోగం జరుగుతుండగానే ఆయన్ను ఒక బస్సు, ఒక లారీ గుద్దాయి, రెండుసార్లూ తలకు హెల్మెట్ ఉంది. ఆ ఎనిమిదిన్నర సెంటీమీటర్లకు పెద్ద అర్థం లేదని ఒలివియర్ బృందమే తర్వాత వాదించింది. మన లారీలు హెల్మెట్ ఉన్నా లేకున్నా ఇచ్చే జాగా ఒక్కటే కాబట్టి, ఆ పోట్లాటలో మనం ఎటూ మొగ్గనక్కర్లేదు.

చట్టం చేసి పెట్టించిన చోట ఏం జరిగిందో మాత్రం చూడాలి. 1990 జులై 1న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం సైకిలు హెల్మెట్‌ను తప్పనిసరి చేసింది. ఏడాది తిరిగేసరికి పెట్టుకునేవాళ్లు 31 శాతం నుంచి 75 శాతానికి పెరిగారు. తల గాయాలు తగ్గాయి. వాటితోపాటు సైకిలు తొక్కే పిల్లలూ తగ్గారు, ఎదిగిన పిల్లలు మరీనూ. హెల్మెట్ పెట్టుకోవడం కన్నా సైకిలు మానేయడమే నయమనుకున్నారు వాళ్లు. మెక్సికో నగరం అలాంటి నిబంధన పెట్టి 2010లో ఎత్తేసింది. నెదర్లాండ్స్‌లో జనం ఉత్త తలలతోనే తొక్కుతారు. అక్కడ సైకిలుకు వేరే దారి వేసి ఉంది, లారీ ఆ దారిలోకి రాదు. అది చూపించి మనకూ హెల్మెట్ అక్కర్లేదనేవాళ్లను ముందు ఆ దారి వేయించమనాలి.

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో సైకిలు మీద పోయినవాళ్లు 4,800 పైచిలుకు. మోటారు సైకిళ్ల మీద హెల్మెట్ లేక పోయినవాళ్లు 50,029. ఈ చివరి అంకె పక్కన సైకిలు అంకె చిన్నదిగా కనిపిస్తుంది కాబట్టే సైకిలు హెల్మెట్ మాట ఎవరూ ఎత్తరు.

ఇక ఎండ. వేసవిలో 45 డిగ్రీలు దాటే చోట తలగుడ్డ వేషం కోసం కాదు. చెమట తుడుచుకోవడానికి, దుమ్ముకు ముక్కుకు అడ్డం కట్టుకోవడానికి, చెట్టు కింద పరుచుకోవడానికి అదే. దాన్ని తీసేసి ప్లాస్టిక్ డొప్ప పెట్టుకోమంటే ఎవరూ వినరు. ఇంట్లో ఉంది కదా అని మోటారు సైకిలు హెల్మెట్ పెట్టుకుని తొక్కితే అరకిలోమీటరుకే ఊపిరాడదు, వెనక హారన్ కూడా సరిగా వినపడదు. సైకిలు హెల్మెట్‌కు పైన గాలి కన్నాలు ఉంటాయి, బరువు పావుకిలో నుంచి మూడువందల గ్రాములు. లోపల పల్చటి నూలుగుడ్డ కట్టుకోవచ్చు. టవలు మొత్తం చుట్టి పైన పెడితే మాత్రం పడ్డప్పుడు అది జారిపోతుంది.

నా లెక్కలో తేల్చుకోవాల్సిన ప్రశ్న ఎవరి తల అన్నదే. పిల్లలైతే మారుమాట లేదు, పెట్టాలి. వాళ్లు ఎక్కువగా పడేది వాళ్లంతట వాళ్లే, హెల్మెట్ బాగా పనిచేసేదీ అక్కడే. పైగా తలకు పెద్ద దెబ్బ తగిలితే ఇక్కడి నుంచి నంద్యాలకు, అక్కడా కాదంటే దాదాపు వంద కిలోమీటర్ల దూరంలోని కర్నూలు పెద్దాసుపత్రికి పోవాలి. మెదడులో రక్తం గడ్డకడుతుంటే ఆ ప్రయాణమంతా పోయే కాలమే. కొన్నేళ్ల కిందట ప్రభుత్వం 'బడికొస్తా' పేరుతో ఆడపిల్లలకు సైకిళ్లిచ్చింది. బీహార్‌లో 2006లో మొదలైన ఇలాంటి పథకం వల్ల హైస్కూల్లో చేరే ఆడపిల్లలు 30 శాతం దాకా పెరిగారని కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ చూపించారు. అంత మంచి పథకం. సైకిలుతోపాటు తలకు ఒకటి, వెనక లైటు ఒకటి టెండరులో చేర్చితే ఖర్చు ఎంత పెరిగేది? తప్పనిసరి చేయమని నేననను, విక్టోరియా పిల్లల్లా మనవాళ్లు సైకిలు మానేస్తే నష్టం ఇంకా పెద్దది. ఇస్తే చాలు, అందరికీ ఒకేసారి ఇస్తే బళ్లో ఎగతాళి కూడా ఉండదు.

కొనేవాళ్లు ఈఎన్ 1078 అనో, అమెరికా ప్రమాణం సీపీఎస్‌సీ అనో ముద్ర ఉందా చూసుకోవాలి. కనుబొమలకు రెండు వేళ్ల పైన కూర్చోవాలి, గడ్డం కింద పట్టీలో ఒక్క వేలు మాత్రం దూరాలి. ఎదుగుతాడులే అని రెండు సైజులు పెద్దది తేవడం చొక్కాకు చెల్లుతుంది, దీనికి చెల్లదు. ఒకసారి గట్టి దెబ్బ తిన్నది పైకి బాగున్నా లోపల నలిగి ఉంటుంది, తమ్ముడికి ఇవ్వకూడదు.

తెల్లారకముందే తలగుడ్డ చుట్టుకుని, నడక కన్నా కాస్త వేగంగా, రెండు కిలోమీటర్ల అవతల పొలానికి పోయే పెద్దాయనను హెల్మెట్ పెట్టుకోమని నేను అడగను. ఆయనకున్న ముప్పు ఎక్కువగా వెనక నుంచి వచ్చేదే, దానికి హెల్మెట్ ఆగదు. పంచర్ షాపులో బ్రేకు రబ్బర్లు మార్పించుకుని, వెనక మడ్‌గార్డుకు ఒక ఎర్ర రేడియం ముక్క అతికించుకోమంటాను. ఆయన మనవడు అదే సైకిలెక్కి తారు రోడ్డు మీద చేతులు వదిలి తొక్కుతుంటాడే, వాడికి హెల్మెట్ కొనమని మాత్రం ఆయనతోనే చెబుతాను.