పాత ల్యాప్‌టాప్‌లో ఇంటిదొంగ

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కాని నలభై ఏళ్ల కిందటి ఒక ల్యాప్‌టాప్‌లో ఇంటిదొంగ ఎక్కడున్నదీ మరమ్మతు చేసేవారందరికీ తెలుసు. పట్టుకోవడం ఆలస్యమైతే మాత్రం యంత్రం దక్కదు.

దాని పేరు టి.ఆర్.ఎస్.-80 మోడల్ 100. జపాన్‌లోని క్యోసెరా సంస్థ తయారుచేయగా, అమెరికాలో 1983 నుంచి రేడియో షాక్ దుకాణాలు అమ్మాయి. తెరపై 8 వరుసలు, వరుసకు 40 అక్షరాలు పడతాయి. నాలుగు పెన్సిల్ సెల్స్ వేస్తే చాలు, పనిచేస్తుంది. అమెరికా విలేఖరులకు ఇది ప్రాణసమానం. సంఘటనా స్థలంలోనే వార్త టైపు చేసి, టెలిఫోను తీగపై సెకనుకు సుమారు 30 అక్షరాల వేగంతో కార్యాలయానికి పంపేవారు.

మేలు చేసినదే కీడు

ఈ యంత్రంలో డిస్కు లేదు. టైపు చేసినదంతా మెమరీలోనే ఉంటుంది. సెల్స్ మార్చేటప్పుడు అది చెరిగిపోకుండా లోపల సర్క్యూట్ బోర్డుకు ఒక చిన్న నికెల్-కాడ్మియం బ్యాటరీని టంకంతో అతికించారు. దొంగ అదే! ఏళ్లు గడిచేకొద్దీ దానినుంచి క్షారం కారి, బోర్డుపై రాగి గీతలను తినేస్తుంది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు, అంటే పాత రేడియో మెకానిక్కుల మాటలో కండెన్సర్లు, ఇవి కూడా కారుతాయి. వాడకుండా భద్రంగా దాచిన యంత్రానికీ ఈ ముప్పు తప్పదు.

ముందు రాత, తర్వాత కోత

యంత్రం ఇంకా వెలుగుతుంటే వెంటనే మరలు విప్పరాదు. బ్యాటరీ తీసినా, అడుగునున్న మెమరీ స్విచ్ ఆపినా లోపలి రాతలన్నీ మాయమవుతాయి. అందుచేత వాటిని ముందుగా సీరియల్ కేబుల్ ద్వారా నేటి కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలి.

అసలు వెలగనిదైతే ముందు కొత్త సెల్స్ వేసి, వాటిని తాకే రేకులకు పట్టిన తుప్పు గీకాలి. మెమరీ స్విచ్ ఆపి ఉన్నా యంత్రం పలకదు. అది తెలియక చచ్చిపోయిందని పక్కన పడేసినవారూ లేకపోలేదు. అడాప్టర్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. దీనికి కావలసింది 6 వోల్టులు, పిన్ను మధ్యభాగం నెగెటివ్. నేటి అడాప్టర్లలో చాలావాటికి మధ్యభాగం పాజిటివ్.

తెర ఖాళీగా ఉంటే మొదట పక్కనున్న కాంట్రాస్టు చక్రం తిప్పి చూడాలి. అప్పటికీ ఏమీ కనిపించకపోతే మెకానిక్కులు ఒక చిట్కా వాడతారు. ఎంటర్ నొక్కి, చూడకుండానే ‘బీప్’ అని ఇంగ్లీషులో టైపు చేసి, మళ్లీ ఎంటర్ నొక్కుతారు. కూత వినిపిస్తే యంత్రం మెదడు క్షేమమే. లోపం తెర వైపున ఉన్నట్లు.

మూత విప్పాక

అడుగున నాలుగు మరలుంటాయి. పై సగాన్ని, కింది సగాన్ని రిబ్బన్ తీగ కలుపుతుంది కనుక లాగకుండా పుస్తకంలా తెరవాలి. బ్యాటరీని కత్తిరించి తీసేశాక, క్షారం పడినచోట కుంచెతో వెనిగర్ రాయాలి. ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి బాగా ఆరబెట్టాలి. మల్టీమీటర్‌తో ఒక్కొక్క గీతా పరీక్షించి, తెగినచోట సన్నని తీగ అతికించాలి. కండెన్సర్లు మార్చేటప్పుడు ప్లస్, మైనస్ తారుమారు కాకూడదు. చివరగా +5, -5 వోల్టులు సరిగా వస్తున్నాయో లేదో చూడాలి. మైనస్ వోల్టేజి లేకుంటే తెరపై అక్షరం పడదు.

అన్నీ కుదిరితే తెర మేలుకుని 1900 జనవరి 1 అని తేదీ చూపుతుంది. సంవత్సరంలో ‘19’ని శాశ్వతంగా బిగించేశారు కనుక ఈనాటి సంవత్సరం దానికెన్నటికీ తెలియదు. టైపు చేయడానికి అదేమీ అడ్డు కాదు.

అటకపై పాత యంత్రాలున్నవారు గమనించవలసింది ఒక్కటే. ఏ కంపెనీదైనా సరే, లోపల ఇలాంటి బ్యాటరీ ఉంటే వెంటనే తీయించాలి. దాచడమంటే గుడ్డ కప్పి ఉంచడమే కాదు.