ఎర్రలైటు లేని ట్రాలీ మూగదే

రాత్రిపూట మక్తల్ నుంచి రాయచూర్ దిక్కు 167 నంబర్ హైవే మీద పోతుంటే ఎదురొచ్చే లారాయన డిప్పర్ కొడ్తడు. నోరు తెర్వకుంటనే "లైటు తగ్గియ్యి" అన్నట్టు మనకు సమజైతది. గిదే ముచ్చటను ఇప్పుడు మిషన్లకు నేర్పుతున్నరు. బండ్లు, రోడ్డు పక్క స్తంభాలు లైటుతోని మాట్లాడుకునుడు అన్నట్టు.

ఎట్ల మాట్లాడ్తయంటే, ఎల్ఈడీ బుగ్గను సెకనుకు లక్షలసార్లు ఆర్పి ముట్టియ్యొచ్చు. వెలిగితే ఒకటి, ఆరితే సున్నా. మన కంటికి అది ఆగకుంట వెలిగినట్టే ఉంటది. ఎదురుంగ ఉన్న సెన్సర్ మాత్రం ఆ ఒకట్లు, సున్నాలు సదివి కబురు తెలుసుకుంటది. పాత తీగ బుగ్గతోని ఇది కాదు. కాలిన తీగ గంత జల్ది సల్లారదు.

ఆలోచన కొత్తదేం కాదు. 1880లనే గ్రాహంబెల్ ఎండ కిరణం మీద మాటను 200 మీటర్లు దాటించిండు. 2011ల ఐఈఈఈ సంస్థ ఈ లైటు మాటలకు 802.15.7 అనే ప్రమాణం తెచ్చింది. మన సంగారెడ్డి జిల్లా కందిల ఉన్న ఐఐటీ హైదరాబాద్‌ల, డ్రైవర్ లేని బండ్లను పరీక్షించే 'టిహాన్' కేంద్రం 2022 జూలైల మొదలైంది. బండ్లు, స్తంభాలు కబురు పంపుకునే పద్ధతులను పరీక్షించే ఏర్పాట్లు గూడ అండ్ల ఉన్నయి.

ఫాయిదా ఏందంటే, 80 స్పీడుల పోయే బండి ఒక్క సెకనుల 22 మీటర్లు ఉరుకుతది. ముంగటోడు ఆగింది చూసి మన కాలు బ్రేకు మీదికి పోయేసరికే ఆ సెకను అయిపోతది. ముంగటి బండి ఎర్రలైటే మన బండికి సీదా చెప్తే ఆ దూరం మిగుల్తది. మలుపు కాడి స్తంభం "అవతల బండి ఆగి ఉన్నది" అని ముందుగాల్నే చెప్పొచ్చు.

కానీ ఎండ, దుమ్ము, మంచు దీనికి అడ్డం. అన్నిటికన్న పెద్ద అడ్డం, అసలు లైటే లేకపోవుడు. పత్తి నింపుకొని చీకట్ల పోయే మన ట్రాలీలు ఎన్నింటికి ఎన్క ఎర్రలైటు ఉన్నది? ఎంత తెలివిగల కారొచ్చినా ఆ ట్రాలీ దానికి మూగదే.

అందుకే నేననేది, స్మార్ట్ రోడ్లకన్న ముందు ట్రాలీకి లైటు కావాలె. అది పెట్టేదాంక కనీసం ఎర్ర రిఫ్లెక్టర్ పట్టీ అతికియ్యాలె. మీద పడ్డ లైటును వచ్చిన దిక్కుకే తిప్పి పంపుతది. బ్యాటరీ అక్కర లేదు.

ఈ రాత్రి మీ ట్రాలీ ఎన్క యాభై అడుగుల దూరంల నిలవడి, సెల్ లైటు కంటి పక్కకు పట్టి కొట్టుండ్రి. ఏం మెరవకపోతే, ఎన్కొచ్చేటోనికి గూడ గంతే కనవడ్తది.