గుండె కొట్టుకుంటే ఛాతీ ఎందుకు కదులుతుంది?

ఎడమవైపు ఛాతీపై అరచేయి ఆనిస్తే గుండె లోపలినుంచి తట్టుతున్నట్లు తెలుస్తుంది. రక్తంతో నిండి ఉబ్బినప్పుడే గుండె ఛాతీకి తగులుతుందని పూర్వపు వైద్యులు భావించేవారు. అది పొరపాటని, ముడుచుకునే వేళలోనే తగులుతుందని 1628లో ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే తేల్చారు. మనిషి గుండెను లోపల చూసే సాధనం ఆనాడు లేదు. జంతువుల గుండెలను పరిశీలించి ఆయన ఈ నిర్ణయానికి వచ్చారు.

తెరపై గుండె

1953లో స్వీడన్‌లోని లుండ్‌లో ఇంగె ఎడ్లర్‌, కార్ల్‌ హెల్‌ముత్‌ హెర్ట్జ్‌ అల్ట్రాసౌండ్‌ తరంగాలతో గుండె కదలికలను నమోదు చేశారు. నేడు మన ఆసుపత్రుల్లో చేసే '2డీ ఎకో' పరీక్షకు అదే పునాది. అనంతరం వచ్చిన ఎంఆర్‌ఐ ఈ కదలికలను మరింత స్పష్టంగా చూపింది. గుండె ముడుచుకునేటప్పుడు తడిబట్టను పిండినట్లు మెలితిరుగుతుంది. ఆ సమయంలోనే దాని కొన అయిదు, ఆరు పక్కటెముకల మధ్య ఛాతీ గోడను తాకుతుంది. గుండె పెద్దదైతే ఈ తాకిడి ఎడమకు, కిందికి జరుగుతుంది. వైద్యులు ఛాతీపై చేయివేసి చూసేది ఇందుకే.

ప్రకంపనల గుట్టు

చేతికి అందని సూక్ష్మ ప్రకంపనలూ ఛాతీపై ఉంటాయి. కవాటాలు తెరుచుకోవడం, మూసుకోవడం, రక్తం మహాధమనిలోకి దూసుకుపోవడం వీటికి కారణాలు. భూకంపాన్ని నమోదు చేసినట్లే చిన్న సెన్సర్‌తో వీటిని గీతలుగా నమోదు చేయడాన్ని సీస్మోకార్డియోగ్రఫీ అంటారు. అయితే గీతలోని ఏ శిఖరం ఏ కవాటానిది? ఈ చిక్కును విప్పడానికి ఎకో చిత్రాలే తోడ్పడ్డాయి. 1994లో అమెరికా పరిశోధకులు ఈ గీతలను ఎకోతో పోల్చి, కవాటాల కదలికలకు సరిపోయే గుర్తులను వివరించారు.

ఫోను వైద్యుడు కాదు

ఇలాంటి సెన్సర్‌ నేటి స్మార్ట్‌ఫోన్లలోనూ ఉంది. ఫోనును ఛాతీపై ఉంచి గుండె లయలోని తేడాలను పసిగట్టే పరిశోధనలు సాగుతున్నాయి. కానీ శ్వాస, శరీర భంగిమ, ఛాతీపై కొవ్వు ఈ గీతలను మార్చివేస్తాయి. కాబట్టి ఈసీజీకి, ఎకోకు ఇది ప్రత్యామ్నాయం కాదు.

రక్తనాళం పూడుకుపోతున్నా గుండె చేతికి మామూలుగానే తట్టవచ్చు. 'గుండె బాగానే కొట్టుకుంటోంది కదా' అని ఊరుకోరాదు. ఛాతీలో బరువు, ఆయాసం, చల్లని చెమటలు కనిపిస్తే వెంటనే 108కు ఫోను చేసి ఆసుపత్రికి చేరాలి. జాప్యం జరిగేకొద్దీ గుండె కండరం దెబ్బతింటుంది.