పరిచర్యకు సంసిద్ధత

రోగము ప్రవేశించిన యింట అందఱి దృష్టియు మంచముపై నున్నవారిమీదనే నిలుచును. వైద్యుడు రోగిని పరీక్షించును. బంధువులు రోగిని పరామర్శింతురు. దూరదేశమందున్న బిడ్డలు ఫోనులో రోగి క్షేమమునే అడుగుదురు. ఆ మంచముప్రక్కన రేయుంబవళ్లు మెలగుచున్న యిల్లాలినో, కూతురినో, కోడలినో, కుమారునినో “మీ ఆరోగ్య మెట్లున్నది?” అని అడుగువారు అరుదు. శ్రోతలారా! నేటి ప్రసంగము ఆ మనిషినిగూర్చినది.

చరకసంహితయందు చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. పరిచారకునకు మరల నాలుగు గుణములు విధింపబడినవి. అవి ఉపచారజ్ఞానము, దక్షత, రోగియెడ అనురాగము, శౌచము. ఈ వరుసను గమనింపుడు. జ్ఞానము మొదట నున్నది, ప్రేమ మూడవది. మన యిండ్లలో జరుగుచున్నది దీనికి విపరీతము. ప్రేమ యున్నచో తక్కినవన్నియు వాటంతట నవియే వచ్చునని తలచుచున్నాము. కాని మింగుటకు శక్తి లేనివారికి ప్రేమతోడనే పండుకొన్నట్లే నీరు త్రాగించి, ఆ నీరు ఊపిరితిత్తులలోనికి పోవుటకు కారణమగువారు కలరు. కావున పరిచర్య నేర్వవలసిన విద్య యనియు, అవసరము రాకపూర్వమే దానికి సిద్ధపడవలయు ననియు చెప్పుటయే నా యుద్దేశము.

మన హైదరాబాదు నగరమున చిక్కడపల్లి, నారాయణగూడ, అశోకనగరు ప్రాంతములను తీసికొందము. ఉద్యోగవిరమణ చేసిన దంపతులు తామిద్దఱే కాపురమున్న యిండ్లు ఇచ్చట పెక్కు కలవు. బిడ్డలు అమెరికాలోనో, బెంగుళూరులోనో, నగరమునకు పడమటి కొసనున్న మాదాపూరులోనో ఉందురు. అవే వీధులలో పోటీపరీక్షలకు చదువుకొనవచ్చిన జిల్లాల యువకులు వసతిగృహములనిండ నున్నారు. నగర కేంద్ర గ్రంథాలయము వారితో కిటకిటలాడుచుండును. వీధినిండ పరుల బిడ్డలు, మేడపైన బిడ్డలు చెంతలేని వృద్ధులు. ఈ పేటల తీరు ఇట్లున్నది.

అట్టి యొక యింటిని ఊహింపుడు. మూడవ అంతస్తు, లిఫ్టు లేదు. 75 ఏండ్ల యజమానికి తెల్లవారుజామున మూతి వంకరపోయి, మాట తడబడి, కుడిచేయి పడిపోయినది. భార్యకు 70 ఏండ్లు, మోకాళ్లనొప్పులు. ఆ గడియలో ఆమె కేది తెలిసియుండవలెను? “తెల్లవారిన పిమ్మట చూతము” అనుట ప్రమాదకరము. రక్తపుగడ్డవలన కలిగిన పక్షవాతమునకు ఆ గడ్డను కరిగించు మందును సామాన్యముగా నాలుగున్నర గంటలలోపల ఈయవలసియుండును. అదియు స్కాను తీసి, మెదడులో రక్తస్రావము లేదని నిశ్చయించిన తరువాతనే. కావున వెంటనే 108కి ఫోను చేయవలెను. రోగి చివరిసారి మామూలుగా నున్న సమయమును గుర్తుంచుకొని వైద్యునకు చెప్పవలెను. రాత్రింబవళ్లు స్కానును, ఈ చికిత్సయు లభించు ఆసుపత్రి దగ్గఱలో నేదియో ముందుగనే విచారించి, ఆ పేరును, ఫోను నంబరును గోడపై వ్రాసియుంచుట మేలు. ఇది ఉపచారజ్ఞానములో మొదటి పాఠము.

అత్యవసరము లేనప్పుడు వైద్యునివద్దకు పోవలసినవారికి ఒక సౌకర్యము కలదు. గాంధీ ఆసుపత్రి 2003లో సికిందరాబాదునుండి ముషీరాబాదునకు తరలివచ్చినది. 2020లో తెఱువబడిన మెట్రోమార్గమున చిక్కడపల్లినుండి మూడవ స్టేషనును, నారాయణగూడనుండి నాలుగవ స్టేషనును ఆ ఆసుపత్రి పేరనే యున్నవి. స్టేషనులలో లిఫ్టు లుండుటచే చేతికఱ్ఱతో నడువగలవారిని చౌరస్తా రద్దీలో త్రిప్పకయే తీసికొనిపోవచ్చును.

రెండవది దక్షత. ఆసుపత్రినుండి ఇంటికి పంపు దినము మిక్కిలి ముఖ్యమైనది. బిల్లు చెల్లించి, మందుల సంచి చేతబట్టుకొని బయలుదేరుటయే మన వాడుక. అట్లు చేయరాదు. రోగిని లేపుట, కూర్చుండబెట్టుట, గొట్టము ఉన్నచో దానిద్వారా ఆహార మెక్కించుట, మూత్రపు సంచి మార్చుట మొదలగు పనులను నర్సు చూచుచుండగా మీ చేతితో ఒక్కమారైనను చేసి చూపుడు. ఏ లక్షణము కనబడినచో వెంటనే తిరిగి రావలయునో అడిగి వ్రాసికొనుడు.

ఇంటికి వచ్చిన పిదప కొన్ని నియమములు ప్రాణప్రదములు. కదలలేని రోగిని ఇంచుమించు రెండు గంటలకొకమారు ప్రక్క మార్చవలెను. నడుము దిగువభాగము, తుంటి, మడమలు దినమును పరీక్షింపవలెను. వ్రేలితో నొక్కినను తగ్గని యెఱ్ఱదనము పుండునకు తొలి సూచన. గాలిపఱుపు కొంత తోడ్పడును గాని, ప్రక్క మార్చు శ్రమను తప్పింపదు. భోజనమునకు రోగిని నిటారుగ కూర్చుండబెట్టి, చిన్న ముద్దలుగ పెట్టి, పిమ్మట అరగంటవఱకు పండుకొననీయరాదు. నీరు త్రాగునప్పుడు పొలమారుచున్నచో వైద్యునకు తెలుపవలెను. పడిపోయిన చేతిని పట్టి లాగి లేపుటవలన భుజపుకీలు చెడును. కుర్చీలోనికి మార్చునపుడు బలముగల ప్రక్కను కుర్చీ యుంచినచో రోగియే కొంత సాయపడగలడు. ఎత్తువారు నడుము వంచక మోకాళ్లు వంచవలెను. లేనిచో కొలది దినములలో ఇంట రెండు మంచములు వేయవలసివచ్చును.

స్నానపుగదిలో పట్టుకొనుటకు గోడకు కడ్డీ, జాఱని చాప, కూర్చుండుటకు పీట, రాత్రి చిన్నదీపము. వీనికి అగు వ్యయము స్వల్పము. తుంటియెముక విఱిగినపిదప అగు వ్యయమును ఎంచి చూడుడు.

మతిమఱపు వ్యాధి గలవారి విషయము వేఱు. చనిపోయిన తల్లి యేదియని అడుగువారితో “ఆమె పోయి ముప్పదియేండ్లయినది” అని మాటిమాటికి వాదించినచో ప్రతిమారును క్రొత్త శోకమే కలుగును. ఆ తల్లినిగూర్చి రెండు మాటలు చెప్పించుట మేలు. జేబులో చిరునామా కాగిత ముంచుడు. రాత్రి గ్యాసు సిలిండరు మీట మూయుడు.

ఇక వ్రాతకోతలు. ఇవి తెలివి నిలిచియున్న కాలముననే జరుగవలెను. తండ్రిగారు వ్రాసియిచ్చిన పవరాఫ్ అటార్నీ ఉన్నదిగదా యని పెక్కుమంది ధైర్యము వహింతురు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము, అధికార మిచ్చినవారికి మతి స్థిరము తప్పినచో ఆ యధికారము ముగియును. అనగా మిక్కిలి అవసరమైననాడే అది పనికిరాదు. కావున బ్యాంకు ఖాతాను దంపతులలో నెవరైనను నడుపుటకు వీలగునట్లు మార్చుకొని, నామినీ పేరు వ్రాయించుకొనవలెను. తుదిదశలో ఎట్టి చికిత్స కావలయునో, ఏది వలదో ముందుగా వ్రాసియుంచుటను సుప్రీంకోర్టు 2018లో అంగీకరించి, 2023లో పద్ధతిని సులభపఱచినది. ఇద్దఱు సాక్షుల యెదుట సంతకము చేసి, నోటరీచేత గాని గెజిటెడ్ అధికారిచేత గాని ధ్రువీకరింపజేయవలెను. ఈ మాట యెత్తుట అశుభమని తలపరాదు. అది లేనందున ఐ. సి. యు. తలుపునొద్ద అన్నదమ్ములు కలహించుటకంటె అశుభమేమి కలదు?

అనురాగమునుగూర్చి వేఱుగ చెప్పవలసినది లేదు. అది మన యిండ్లలో కొఱతపడలేదు. శౌచమనగా చేతులు సబ్బుతో కడుగుకొనుట, పడకబట్ట తడియకుండ చూచుట మాత్రమే కాదు. రోగిని శుభ్రపఱచునపుడు తలుపు మూసి, దుప్పటి కప్పి, ఆ వ్యక్తి గౌరవమును కాపాడుటయు నందులోనిదే.

ఈ నాలుగింటికి నేను ఐదవదానిని చేర్చెదను: విశ్రాంతి. పరిచర్య చేయువారికి నిద్ర పట్టకపోవుట, తమ రక్తపుపోటు మాత్రలను మఱచుట, చిన్నమాటకే కోపము వచ్చుట, ఏడుపు వచ్చుట. ఇవి గుణదోషములు కావు, అలసట లక్షణములు. వైద్యుడు రోగిని చూచునపుడు వారినిగూడ ఒకమాట అడుగవలెను. అడుగనిచో వారే చెప్పవలెను.

సామాన్యముగా ఈ భార మొక్కరిమీదనే పడును. ఎవరును నిర్ణయింపరు, చేరువలో నున్నవారిమీద, ఆడువారిమీద అది దానంతటదియే వచ్చి వ్రాలును. కావున కుటుంబమంతయు కూర్చుండి, ఎవరేపని చేయుదురో కాగితముపై వ్రాసికొనవలెను. అమెరికాలోని కుమారుడు ప్రక్క మార్చజాలడు. కాని బీమా కాగితములు, బిల్లులు, వైద్యుల అపాయింట్‌మెంట్లు, రాత్రి వచ్చు ఆయా జీతము అతడు చూడగలడు. ఏడాదికొకమారు వచ్చునపుడు అతిథివలె రాక, రెండు వారములు తానే పరిచర్య చేసి చెల్లెలికి సెలవీయగలడు. దూరమునుండి సలహా లిచ్చుట సులభము, సలహాకుముందు “నీకేమి కావలెను?” అని అడుగుట ఉపకారము. ఆయాను నియమించునపుడు గుర్తింపు కాగితములు చూచి, పనులను వ్రాసియిచ్చి, ఆమె భోజనమునకును నిద్రకును వేళ యేర్పఱుపవలెను, ఆమెయు మనిషియే. బిడ్డలు చెంతలేని వృద్ధులు 14567 నంబరునకు ఫోను చేసి సలహా పొందవచ్చును.

ఇరుగుపొరుగువారికొక విన్నపము. మీ మెట్లకు ఎదుటి తలుపులో రోగి యున్నచో, పండ్లు తీసికొనిపోయి పదినిముషములు కూర్చుండి వచ్చుటతో సరిపెట్టుకొనకుడు. ఆదివారము సాయంకాలము రెండు గంటలు మీరచ్చట కూర్చుండి, ఆ యిల్లాలిని త్యాగరాయ గానసభకు కచేరీ వినుటకు పంపుడు. ఆమె తిరిగివచ్చి చేయు పరిచర్యలో ఆ రెండు గంటల ఫలము రోగికే దక్కును.