కేన్సర్ చిన్నారుల కోసం పరుగు: చికిత్సకే కాదు, తలదాచుకునే చోటుకూ నిధులు

ముంబయి: జనవరి మాసపు మూడో ఆదివారం తెల్లవారకముందే ఇక్కడి ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ పరిసరాలు జనంతో కిటకిటలాడుతాయి. 2004లో ప్రారంభమైన ముంబయి మారథాన్‌లో 42.195 కిలోమీటర్ల పూర్తి దూరం పరుగెత్తేవారు కొందరైతే, ఆరు కిలోమీటర్ల లోపు 'డ్రీమ్ రన్'తో సరిపెట్టుకునేవారు మరికొందరు. వీరిలో పలువురు పతకం కోసం కాక, బంధుమిత్రుల వద్ద, సహోద్యోగుల వద్ద విరాళాలు సేకరించి స్వచ్ఛంద సంస్థలకు అందజేసేందుకు పరుగెత్తుతారు. కేన్సర్ సోకిన పిల్లల కుటుంబాలను ఆదుకునే సంస్థలకు ఇటువంటి పరుగులు ఒక ముఖ్య ఆధారం.

ఆ కుటుంబాల అవసరమేమిటో తెలియాలంటే పరేల్‌లోని టాటా మెమోరియల్ ఆస్పత్రి పరిసరాలను చూడాలి. 1941లో ఏర్పాటైన ఈ ఆస్పత్రికి దేశం నలుమూలల నుంచీ రోగులు వస్తారు. కేన్సర్ రోగికి స్లీపర్, మూడో శ్రేణి ఎ.సి. తరగతులలో రైల్వే శాఖ పూర్తి చార్జీ మినహాయిస్తున్నది. వెంట వచ్చేవారికి 75 శాతం రాయితీ ఉన్నది. అంటే ముంబయి చేరడం అంత కష్టం కాదు. రైలు దిగిన తర్వాత ఎక్కడ ఉండాలన్నదే ప్రశ్న. గది అద్దె భరించలేని తల్లిదండ్రులు పిల్లలతో ఫుట్‌పాత్‌పైనే రాత్రులు గడిపిన సందర్భాలు ఈ నగరానికి కొత్త కాదు.

పిల్లలలో ఎక్కువగా కనిపించే రక్త కేన్సర్‌కు చికిత్స రెండు నుంచి మూడేళ్లు సాగుతుంది. తొలి నెలల్లో మందుల తీవ్రతకు తెల్లరక్తకణాలు పడిపోయి, చిన్నపాటి ఇన్ఫెక్షన్ సైతం ప్రాణాంతకం కావచ్చు. అటువంటి బిడ్డకు పరిశుభ్రమైన గది, కాచిన నీరు, వేడి అన్నం కూడా మందుల వంటివే. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ఆరోగ్యశ్రీ అయినా, ఏడాదికి కుటుంబానికి 5 లక్షల రూపాయల వరకు వర్తించే 2018 నాటి కేంద్ర పథకమైనా ఉద్దేశించినది ఆస్పత్రి ఖర్చులకే. పరాయి నగరంలో నెలల తరబడి ఇంటి అద్దె, పనులు మానుకున్న తండ్రి కోల్పోయే కూలి వాటి పరిధిలోకి రావు. ఫలితంగా కొందరు చికిత్సను మధ్యలోనే మాని స్వగ్రామానికి తిరిగిపోతారు.

ఇది చిన్న విషయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 4 లక్షల మంది పిల్లలు, కౌమారులు కేన్సర్ బారిన పడుతున్నారు. సంపన్న దేశాలలో వీరిలో 80 శాతానికి పైగా కోలుకుంటుండగా, అనేక పేద, మధ్యాదాయ దేశాలలో ఇది 30 శాతం లోపే. ఈ వ్యత్యాసానికి ఆ సంస్థ చూపిన కారణాలలో చికిత్సను మధ్యలో విడిచిపెట్టడం ఒకటి.

ఈ లోటును కొంతైనా పూడ్చేందుకు 2006లో నిహాల్ కవిరత్నె, శ్యామా కవిరత్నె దంపతులు ముంబయిలో సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్లను ప్రారంభించారు. చికిత్స జరిగినన్నాళ్లూ బిడ్డకు, తల్లిదండ్రులకు ఉచిత వసతి కల్పిస్తారు. ప్రతి కుటుంబానికీ వేరుగా చోటు ఉంటుంది, వంటగది ఉమ్మడి. సరుకులు సంస్థ ఇస్తుంది, వంట మాత్రం తల్లి చేతిదే. బిహారు తల్లి, బెంగాలు తల్లి పక్కపక్క పొయ్యిల మీద ఎవరి రుచి వారు వండుకోవచ్చునన్నమాట. హైదరాబాద్‌కూ ఈ కేంద్రాలు విస్తరించాయి.

పరుగుతో నిధులు సేకరించే ఆలోచనకు ప్రపంచవ్యాప్త గుర్తింపు తెచ్చినది కెనడా యువకుడు టెర్రీ ఫాక్స్. ఎముక కేన్సర్ వల్ల 1977లో కుడికాలు కోల్పోయిన ఆయన, ఆస్పత్రిలో తోటి రోగుల బాధలు చూసి చలించి, పరిశోధనలకు నిధుల కోసం 1980 ఏప్రిల్ 12న కృత్రిమ కాలితో దేశం పొడవునా పరుగు ఆరంభించారు. 143 రోజులలో 5,373 కిలోమీటర్లు పూర్తిచేశాక వ్యాధి ఊపిరితిత్తులకు పాకడంతో ఆగిపోవలసివచ్చింది. 1981 జూన్‌లో, 23వ ఏడు నిండకముందే, మరణించారు. ఆయన పేరిట పరుగులు భారత్ సహా పలు దేశాలలో జరిగాయి.

కాగా, పరుగులో పాల్గొనదలచినవారు ఒక విషయం గమనించాలి. ప్రవేశ రుసుము వేరు, విరాళం వేరు. రుసుము చెల్లించినంత మాత్రాన ఆ సొమ్ము పిల్లలకు చేరినట్లు కాదు. దాతలకు '80జి' పేరిట సుపరిచితమైన ఆదాయపు పన్ను రాయితీ పాత పన్ను విధానాన్ని ఎంచుకున్నవారికే లభిస్తుంది. కొత్త విధానంలో అది లేదు. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇచ్చిన విరాళానికి ఏ రాయితీ వర్తించదు.