దుబాయ్‌లో దిగితే ముందు క్రీక్‌కే

విమానం మారే మధ్యలో దుబాయ్‌లో ఏడెనిమిది గంటలు దొరికితే చాలామంది నేరుగా బుర్జ్ ఖలీఫాకే వెళతారు. 828 మీటర్ల ఆ కట్టడం చూడదగ్గదే, కాదనను. కానీ ఈ ఊరు ఎలా ఎదిగిందో తెలియాలంటే ముందు క్రీక్ అనే సముద్రపు పాయ ఒడ్డుకు వెళ్లాలి. ఇదంతా చమురు డబ్బు మహిమేనని మనలో బలమైన నమ్మకం. కానీ ఇక్కడ చమురు బయటపడింది 1966లో. అంతకుముందే, 1959లో, అప్పటి దుబాయ్ పాలకుడు షేక్ రషీద్ కువైట్ దగ్గర అప్పు తెచ్చి, ఇసుక మేటలు వేసిన ఈ సముద్రపు పాయను తవ్వించడం మొదలుపెట్టారు. పెద్ద పడవలు లోపలికి రాగలిగాయి, వాటి వెంటే వ్యాపారమూ పెరిగింది. చమురు ఆ తర్వాత తోడైంది.

ఉన్న కాస్త సమయంలో క్రీక్ ఒడ్డున ఉన్న పాత బజార్లు ఎందుకు, ఎండ కూడా కదా అంటారు. ఎండ మాట నిజమే, వేసవైతే సాయంత్రమే మేలు. దూరం మాత్రం అడ్డు కాదు. విమానాశ్రయం నుంచే మెట్రో ఉంది, యూనియన్ స్టేషన్‌లో గ్రీన్ లైన్‌కు మారితే చాలు. ట్రాన్సిట్ వీసా సంగతి ముందే చూసుకోవాలి. ఒక్క దిర్హమ్ ఇస్తే అబ్రా అనే చిన్న చెక్క పడవ మిమ్మల్ని అవతలి ఒడ్డుకు చేరుస్తుంది. క్రీక్ ఒడ్డున ఉన్న డేరా బజారు వైపు దిగితే కుంకుమపువ్వు, నోళ్లు తెరిచిన గోనె సంచుల్లో ఎండు నిమ్మకాయలు, యాలకులు కనిపిస్తాయి. ఇక్కడికి రావడానికి మరో కారణమూ ఉంది: ఈ నగరాన్ని కట్టినవాళ్లలో కరీంనగర్, నిజామాబాద్, కోనసీమల నుంచి వెళ్లిన మనవాళ్లూ ఉన్నారు. అద్దాల అంతస్తుల మీద నుంచి వాళ్లెవరూ కనబడరు. పడవ బల్ల మీద, పక్కనే కూర్చుని కనబడవచ్చు.