వేసవిలో తోడేళ్లను, నక్కలను వేటాడవలెనా?

కర్నూలు, కడప సీమలలో వానలు తక్కువ. పంట పోయిన ఏట రైతు కుటుంబమును నిలబెట్టునది గొర్రెల మంద. తోడేలు ఒక్క రాత్రిలో మూడు నాలుగు గొర్రెలను చంపినచో ఆ కుటుంబమునకు కలుగు నష్టము సామాన్యమైనది కాదు. కనుకనే వేసవి వచ్చినప్పుడు వేట మాట వినబడుచుండును. ఆకు రాలి, గడ్డి ఎండి, మృగములు మిగిలిన నీటి చెలమల వద్దకే చేరును గనుక వేట సులభమని కొందరి వాదము. ఇది ఎంతవరకు సరియైనదో విచారింపవలసి యున్నది.

మూడు వేర్వేరు జంతువులు

ఈ మెట్టసీమలో కుక్కజాతికి చెందిన అడవి మృగములు ముఖ్యముగా మూడు. తోడేలు వీటిలో పెద్దది. సుమారు 20 కిలోల బరువుండి, ఎదిగిన గొర్రెను చంపగలదు. నక్క దానిలో సగము బరువుండును. కళేబరములు, ఎలుకలు, పండ్లు తినును. కాపలా లేనప్పుడు లేత పిల్లలను పట్టును. గుంటనక్క బరువు రెండు మూడు కిలోలే. చెదలు, మిడతలు, ఎలుకలు, రేగుపండ్లు దాని ఆహారము. ఎదిగిన గొర్రెను అది ఏమియు చేయలేదు. గొర్రె పోయినదని ఈ మూడింటిని ఒకే గాట కట్టి చంపుట న్యాయము కాదు. ఎలుకలను తిను జంతువును చంపినచో వేరుశనగ చేనుకే నష్టము.

వేసవి పిల్లల కాలము

తోడేళ్లు సాధారణముగా అక్టోబరు ప్రాంతమున జతకట్టును. సుమారు 63 రోజుల గర్భము తరువాత డిసెంబరు, జనవరి నెలలలో ఈనును. ఏప్రిల్ నాటికి ఆ పిల్లలు పెద్దవాటి వేటపైననే ఆధారపడి యుండును. గుంటనక్క పిల్లలు బొరియల నుండి బయటకు వచ్చునది, అనేక నక్కలు ఈనునది కూడ వేసవి ముఖముననే. ఈ కాలములో తల్లిని చంపినచో గుహలోని పిల్లలు ఆకలితో మాడి చచ్చును.

అయితే వేట కోరువారి మాటలో కొంత నిజము లేకపోలేదు. పిల్లలున్న జంటకు ఆహారము హెచ్చుగా కావలెను. అమెరికాలో నక్కను పోలిన కయోటి అను జంతువుపై పరిశోధనలు జరిగినవి. యూటా రాష్ట్రములో శస్త్రచికిత్సచే సంతానము కలుగకుండ చేసిన జంటలు, పిల్లలున్న జంటలకంటె తక్కువ గొర్రెపిల్లలను చంపినట్లు తేలినది. కాని దీనిని బట్టి విచ్చలవిడి వేట ఫలించునని చెప్పుటకు వీలులేదు.

వేట ఫలమేమి?

కొన్ని కయోటీలను చంపగా మిగిలినవాటికి ఆహారము పుష్కలముగా దొరకును. అవి హెచ్చు పిల్లలను కనును. ఖాళీ అయిన తావులోనికి క్రొత్తవి వచ్చి చేరును. కానలీ, లాంగ్‌హర్స్ట్ అను శాస్త్రజ్ఞులు 1975లో గణితరీత్యా లెక్కించి, ఏటేటా నూటికి 75 చొప్పున చంపినను ఆ జాతి అంతరించుటకు సుమారు 50 ఏండ్లు పట్టునని తెలిపిరి.

తోడేలు సంగతి వేరు. దాని గుంపులో సాధారణముగా ఒక్క జంటయే పిల్లలను కనును. ఆ జంట పోయిన గుంపు చెదరిపోవును. ఆంగ్లేయుల పాలనలో తోడేళ్లను చంపినవారికి బహుమానములిచ్చెడివారు. 1875 మొదలు 1925 వరకు మనదేశములో సుమారు 2 లక్షల తోడేళ్లు హతమైనవని చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ అంచనా. నేడు దేశమంతట మిగిలినవి సుమారు 3 వేలు మాత్రమే.

తోడేలు వలన రైతుకు మేలును కలదు. నందికొట్కూరు సమీపమున బట్టమేక పిట్ట రక్షణకై 1988లో ఏర్పడిన రోళ్లపాడు అభయారణ్యమే ఇందుకు తార్కాణము. అచ్చటి కృష్ణజింకలు చుట్టుప్రక్కల చేలలో పడి మేయుచున్నవని రైతుల మొర. ఆ జింకలను తిని అదుపులో ఉంచునది తోడేలే.

చేయదగినది

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఈ మూడు జంతువులకు రక్షణ కల్పించినది. తోడేలు అందలి మొదటి షెడ్యూలులోనిది. ‘నక్క కొమ్ము’ తాయెత్తు అదృష్టము తెచ్చునను భ్రమతో నక్కలను చంపుటయు నేరమే. నిజమునకు నక్కకు కొమ్ములుండవు. చచ్చిన గొర్రెకు విషము పూసి పెట్టినచో రాబందులు, ఊరి కుక్కలు కూడ చచ్చును.

మందను కాపాడుకొనుటయే సరియైన మార్గము. రాత్రివేళ దొడ్డి చుట్టు ఎత్తయిన కంపకంచె గాని వల గాని ఉండవలెను. మంచి కాపలా కుక్కలను పెంచి, వాటికి పిచ్చికుక్క వ్యాధి రాకుండ టీకాలు వేయించవలెను. ఈనిన గొర్రెలను, లేత పిల్లలను ఇంటి దగ్గరనే ఉంచవలెను. కళేబరములను మంద దగ్గర పడవేయరాదు. ఏ మృగము కరచినను గాయమును వెంటనే సబ్బుతో, పారు నీటితో 15 నిమిషములు కడిగి, ఆలస్యము చేయక వైద్యుని వద్ద టీకా వేయించుకొనవలెను.

కాపరి నష్టము నిజమైనది. దానిని తేలికగా చూడరాదు. కాని ఆ నష్టమును తగ్గించునది దొడ్డి వద్ద కాపలాయే గాని, పిల్లల కాలములో గుహ వద్ద వేట కాదు.